తలుపు వెనక లెక్క

రంగులేసే పిలగాడు నిచ్చెన దిగి అడిగిండు:
"అక్కా, తలుపు లోపలి దిక్కు గూడ ఏసెయ్యాల్నా?"
చేతిల నీలం డబ్బా.
బ్రష్ కొసన ఒక చుక్క
పడాల్నా వద్దా అన్నట్టు ఆగింది.

ఆగు తమ్మీ, అన్న.

ఆ తలుపు వెనక మా అత్త చిలుకమ్మ లెక్కలున్నయి.
అచ్చరం ముక్క రాదు ఆమెకు.
కొత్తవాడ గల్లీల జంపఖానాల అంచులు
ముడేసి ముడేసి వేళ్ళు అరిగిన మనిషి.
బ్యాంకుల వేలిముద్ర మిషిన్ గూడ
ఆమెను గుర్తువట్టకపోయేది.
సుద్దతోటి కాదు, మేకుతోటి గీసింది
తుడిస్తె పోవద్దని.

నిలువు గీతంటె తెచ్చిన అప్పు.
దాని మీద అడ్డగీతంటె కట్టిన కిస్తు.
గంతవరకు నాకెరికే.
పక్కపొంటి ఆ సున్నలెందుకో
పెండ్లైన ఏడేండ్లకు గాని అడగలే.

"అవా? చెయ్యని అప్పులు" అన్నది
కండె చుట్టుకుంటనే.
"మండిబజార్ సేటు దుకాణం మెట్లెక్కి
మల్ల దిగొచ్చినయి.
ఇగో ఇది, పక్కింటోళ్ళు రంగుల టీవీ తెచ్చిన యేడు.
ఇది, మా చెల్లె కొడుకు పెండ్లికి
పట్టుచీర లేకుంటె నామోషీ అనుకున్నప్పుడు.
పాత చీరెకే గంజి వెట్టి కట్టిన.
నా దిక్కు ఎవలు సూసిండ్రు?
అందరు బువ్వ దిక్కే సూసిండ్రు.

కట్టిన అప్పు యాదుంటది బిడ్డా,
చెయ్యనిదే మరుస్తం.
మరిస్తె మల్ల పోతం ఆ మెట్లకాడికే."

మగ్గం కోసం తెచ్చిన పదివేల గీత
అన్నిటికన్న పొడుగు.
దాని మీద అడ్డగీతలు ముప్పయ్యారు,
ఒక్కటి వంకర పోలే.
ఆ మగ్గం చప్పుడుల కూసునే
మా ఓదెలు పదోది పాసైండు.

ఇగ కింద, గొళ్ళెం కాడ, ఒక్క సున్న.
దాని నడుమ గోరుతోటి గీకీ గీకీ
చెక్క పొక్కిలి లేసింది.
దాని సంగతి అడిగితె చానసేపు ఏమనలే.
మామకు దగ్గు పట్టి మూడు నెల్లట.
ఎవల ముందట చెయ్యి చాపనని
సేటు గడపదాంక పోయి తిరిగొచ్చిందట.
"రేపు సూద్దాం, ఎల్లుండి సూద్దాం అనుకుంట
పెద్ద దవఖానకు తీస్కపోయేటాల్లకు..."
కండె చేతిలనే ఉన్నది. దారం నడువలే.
"గా అప్పు చెయ్యాల్సుండె బిడ్డా."

ఆమె పోయి రెండేండ్లు.

మొన్న రాత్రి ఓదెలు ఫోన్ల ఏందో నొక్కుతుండు.
అయిదు నిమిషాల్ల యాబై వేలట.
కాయితం లేదు, జామీను లేదు,
ఎక్కి దిగనీకి మెట్లు గూడ లేవు.
"బండి పాతగైంది" అన్నడు నా మొఖం సూడకుంట.
బండి బాగనే ఉరుకుతది. హారనొక్కటే మోగదు.
"మిత్తెంత?" అన్న.
కిందికి జరిపిండు, ఇంకా కిందికి జరిపిండు,
దొరకలే.
మేకు తెచ్చి ఆయన చేతిలనే వెట్టిన.
తెల్లారి పోచమ్మ మైదాన్ కాడ
నాలుగొందలు వెట్టి హారన్ ఏయించుకొచ్చిండు.
ఆయన గీసిన సున్న గుండ్రంగ రాలే,
కోడిగుడ్డు తీరుగ వచ్చింది. ఉండనీ.

గీ సోమారం సంఘంల నేనే నిలవడ్డ.
హరిణి పాలిటెక్నిక్ ఫీజు, హాస్టలు,
ముప్పై వేలు గావాలె.
నూటికి రూపాయి మిత్తి, ఇరవై కిస్తులు.
ఎన్ని జంపఖానాలైతె ఒక కిస్తో
ఇంటికాడనే లెక్కేసుకొని పోయిన.
అయినా గొంతు వణికింది. అడిగిన.
నిలువు గీత.
ఆ గొళ్ళెం పక్కకే, కావాల్నని ఆడనే గీసిన.

పిలగాడు ఇంకా నిలవడే ఉన్నడు.
నీలం చుక్క నేల మీద పడ్డది.
"బయట ఎయ్యి తమ్మీ, లోపట ఇడిసిపెట్టు."
"అట్లైతె ఓ నూరు తక్కువియ్యి అక్కా."

మిగిలిన నూరు గల్లగురిగిల ఏసిన.
దీనికేం గుర్తు గియ్యాల్నో
అత్త చెప్పకపాయె.